లూర్దమ్మ చలవ

ఖతార్‌లో, మదీనత్ ఖలీఫా పేటలోని ఆ పాత విల్లాలో అందరికంటే ముందు లేచేది లూర్దమ్మ. లేచి తలకి గుడ్డ కట్టుకుని, పెద్దావిడ ఉమ్ జాసిమ్ కోసం యాలకుల కాఫీ కాచి ఫ్లాస్కులో పోసి, పక్కన ఖర్జూరాల పళ్ళెం పెట్టేది. తర్వాత వంటింటి వెనక తలుపు తీసి డ్రైవర్ ఆదెప్పని కేకేసేది.

"ఆదెప్పా, పిండి పొంగిందా?"

ఆదెప్ప కారు డిక్కీ తెరిచి, స్టీలు గిన్నె మూత లేపి చూసేవాడు. "పొంగిండాది అక్కా. గిన్నె దాటేట్టు ఉండాది."

ఇడ్లీ పిండి కారు డిక్కీలో ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. లూర్దమ్మ ఉన్నచోట పిండి పులవదు, పాలు తోడుకోవు. ఎంత ఎండలోనైనా ఆవిడ చుట్టూ నీళ్ళు చల్లిన తాటాకు పందిరి కింద ఉన్నట్టు ఉంటుంది. పుట్టినప్పట్నించీ అంతే. నర్సాపురం పక్కన వాళ్ళ ఊళ్ళో నడివేసవిలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు మొదటి శుభలేఖ వాళ్ళింటికే తెచ్చి ఇచ్చేవారు. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే పెళ్ళికూతురి బొట్టు కారదు, జడలో పూలు వాడవు.

భర్త పోయాక, కూతురు శ్యామలని చదివించుకోవడానికి లూర్దమ్మ ఖతార్ వచ్చింది. ఈ ఇంట్లో దిగిన మొదటి వారంలోనే ఉమ్ జాసిమ్ తన గదిలో ఏసీ ఆపేయించింది. పెద్దావిడకి ఏసీ గాలి పడదు. రాత్రంతా దగ్గు, పొద్దున్నే మోకాళ్ళు పట్టేయడం. లూర్దమ్మ చలవ అలాంటిది కాదు, ఒంటికి తగిలీ తగలనట్టుండేది. పెద్దావిడ కింద హాల్లో తన కుర్చీలో కూర్చునేది, లూర్దమ్మ పక్క వంటింట్లో పని చేసుకునేది, ఇల్లంతా హాయిగా ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు వీధిలో పిల్లులు వంటింటి గోడ బయట వరసగా పడుకునేవి. లూర్దమ్మ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తే అవీ లేచి గోడ వెంట జరిగేవి.

వచ్చినంత సుళువుగా మళ్ళీ ఊరికి వెళ్ళడం మాత్రం కుదర్లేదు. నాలుగేళ్ళయింది, శ్యామల పెళ్ళి కూడా ఫోనులోనే చూసింది. ఎప్పుడడిగినా ఉమ్ జాసిమ్ "వేసవి పోనీ లూర్దా" అనేది. వేసవి పోతే రంజాన్ ముందుకొచ్చేది, లేకపోతే పెద్దావిడకి ఒంట్లో బాగుండేది కాదు. అంతలో మళ్ళీ వేసవి. ఆవిడ కఠినంగా అనేది కాదు. చెయ్యి పట్టుకుని మరీ అనేది. అందుకే లూర్దమ్మకి గట్టిగా అడగడం చాతయ్యేది కాదు.

కిందటేడు మే నెలలో శ్యామలకి ఏడో నెల కడుపు పోయింది. వడగాడ్పుల రోజులు. లూర్దమ్మ వంటింట్లో నిలబడి వీడియో కాల్లో కూతుర్ని చూస్తూ ఫోను గుండెలకి అదుముకుంది. ఫోనులోంచి చలవ వెళ్ళదు. ఈసారి మళ్ళీ శ్యామలకి నెలలు నిండుతున్నాయి. మే చివరికి పురుడు.

*

ఏప్రిల్లో ఒక ఉదయం ఇంటి ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి దిగినవాడి పేరు గంగాప్రసాద్. మెట్‌పల్లి దగ్గరి మనిషి. ఒకప్పుడు సైట్లలో సిమెంటు పని చేసి, తర్వాత ఇళ్ళు పరీక్ష చేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు.

ఉమ్ జాసిమ్ అంటే జాసిమ్ వాళ్ళమ్మ అని. ఆ జాసిమ్‌కి పెళ్ళి కుదిరింది. కొత్త కాపురానికి పాత ఇంటి మీద ఒక అంతస్తు లేపించాడు. కట్టడం అయిపోయింది గానీ పర్మిట్ కాగితం రావాలి. ఆ ఇంట్లోంచి ఎంత గాలి కారుతోంది, బయటి వేడిని అది ఎంత ఆపుతోంది అని కొలిచి చూపిస్తేగానీ ఆ కాగితం రాదు. కాగితం లేనిదే పై అంతస్తుకి కరెంటు కలపరు.

గంగాప్రసాద్ వీధి తలుపుకి అల్యూమినియం చట్రం బిగించి, దానికి ఎర్రటి గుడ్డ కట్టి, మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టాడు. కిటికీలన్నీ మూయించి ఫ్యాను తిప్పితే ఇంట్లో గాలి బయటికి పోసాగింది. పరదాలు గోడలకి అతుక్కున్నాయి. సన్నటి పొగ వచ్చే పెన్ను లాంటిది పట్టుకుని కిటికీల దగ్గర, తలుపు సందుల దగ్గర తిరుగుతూ పొగ ఎటు వంగుతోందో చూశాడు. పెద్దావిడ కుర్చీలోంచి అంతా చూసి, "ఇతను నా ఇంటి గుండెలు పరీక్ష చేస్తున్నాడు" అంది.

గాలి పరీక్ష బాగానే నెగ్గింది. మధ్యాహ్నం వేడి పరీక్ష. ఏసీలన్నీ ఆపేసి, గదికో చిన్న థర్మామీటరు పెట్టి, ఇల్లు ఎంత తొందరగా వేడెక్కుతుందో చూడాలి. బయట ఎండ మాడ్చేస్తోంది. గంగాప్రసాద్ మెట్ల మీద కూర్చుని అంకెలు చూస్తున్నాడు. అవి పెరగలేదు. కాసేపటికి వంటింటి అంకె దిగింది కూడా.

అతను చేతిలోని వేడి కెమెరా పైకెత్తాడు. వేడి ఉన్నచోట పసుపు, ఎరుపు, చల్లగా ఉంటే నీలం చూపించే కెమెరా అది. అంతకుముందే పై అంతస్తు కప్పు పొయ్యిలా ఎర్రగా కనపడింది అతనికి. ఇప్పుడు తెర మీద ముదురు నీలంగా ఒక ఆడమనిషి టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కి వస్తోంది. ఆవిడ పైకొచ్చే కొద్దీ కప్పు ఎరుపు తగ్గి నీలమైంది.

"టీ తాగు బాబూ" అంది ఆ నీలం మనిషి. "నువ్వు తెలుగోడివేనంట కదా, ఆదెప్ప చెప్పాడు."

గంగాప్రసాద్ కెమెరా దించి గ్లాసు అందుకున్నాడు. "ఔ అక్కా. గీ సల్లదనం నీదేనా?"

"నాదే."

"పుట్టుకతోనా?"

"పుట్టుకతోనే."

అతను తలూపి టీ తాగాడు. అతను ఎన్నో ఇళ్ళు చూశాడు. "మా అవ్వకు గల్ఫంత దుబాయే. ఫోన్ జేసినప్పుడల్ల దుబాయ్ల ఏం పని జేస్తున్నవ్ రా అంటది. ఇండ్లకు జరమున్నదా లేదా సూస్తున్న అని చెప్పిన. గీ ఇంటికి జరమున్నదక్కా. నువ్వు ఉండంగ కనవడుతలేదు."

అక్కణ్ణించే ఆఫీసుకి ఫోన్ చేశాడు. వాళ్ళ ఇంజినీరు జియావుద్దీన్ అంతా విని, రూలు పుస్తకం తిప్పి చూసి చెప్పాడు. ఇంట్లో మనుషులుంటే వాళ్ళ ఒంటి వేడి లెక్కలోంచి తీసేయాలని ఉంది, ఒంటి చలవ గురించి ఏమీ రాయలేదు, ఉంచినా తప్పు కాదు, తీసినా తప్పు కాదు.

గంగాప్రసాద్ ఫోను జేబులో పెట్టుకుని ఆ మాటే లూర్దమ్మకి చెప్పాడు.

"మరి నేనుంటే?" అంది లూర్దమ్మ.

"పాస్. గిప్పుడే రాసిస్త."

"నేను లేకపోతే?"

"ఫేల్. పైకప్పుల వేడి ఆపే షీట్లు ఎయ్యనే లేదక్కా. కాంట్రాక్టరు ఎగ్గొట్టిండు. పాత గోడలు గూడ గంతే."

లూర్దమ్మ మెట్ల మీద అతనికి కొంచెం దూరంగా కూర్చుంది. ఖాళీ గదుల వైపు చూసింది. కొత్త పెయింటు వాసన. రేపు ఇక్కడికి కొత్త పెళ్ళికూతురు వస్తుంది. పైన ఆ పిల్లకి ఉక్కపోస్తే లూర్దా అని పిలుస్తుంది. కింద పెద్దావిడ లూర్దా అని పిలుస్తుంది. ఆ తర్వాత పసిపిల్లలు పుడతారు. పసిపిల్లలున్న ఇంట్లోంచి వేసవిలో ఎవరు పోనిస్తారు.

"రేపు కూడా రాగలవా బాబూ?" అని అడిగింది.

"పరీక్ష మల్ల జెయ్యాల్నంటే వస్త. కానీ అక్కా, సోంచాయించు. ఫేల్ అయితే నీ మీదికి వస్తరేమో."

"వస్తే వస్తారు. నేను మామాకి చెప్పే వెళ్తాను." పెద్దావిణ్ణి ఆ ఇంట్లో పనివాళ్ళు అమ్మా అన్నట్టు మామా అని పిలుస్తారు.

*

ఆ సాయంత్రం పెద్దావిడ కాళ్ళకి నూనె రాస్తూ లూర్దమ్మ విషయం కదిపింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునే అరబీ వాళ్ళిద్దరూ కలిసి తయారుచేసుకున్నది, బయటివాళ్ళకి సగమే అర్థమవుతుంది.

"మామా, రేపు నేను ఇంట్లో ఉండను. నేను లేకుండా ఒకసారి ఇల్లు చూడనివ్వండి వాళ్ళని."

"ఎందుకు? ఇవాళ బాగానే ఉందిగా?"

"నేనున్నాను కాబట్టి."

ఉమ్ జాసిమ్ నవ్వింది. ఆ ఇల్లు ఆవిడ భర్త దగ్గరుండి కట్టించినది. ఇసుక కూడా ఆయనే చేత్తో పట్టి చూసి దింపించాడని చెప్పేది. "చూడనీ. వెళ్ళి సాయంత్రానికి రా. నేను ఇక్కడే కూర్చుంటాను. నా ఇల్లు నన్నేం చేస్తుంది?"

మర్నాడు ఆదెప్ప లూర్దమ్మని అల్ అజీజియా వైపు పార్కుకి తీసుకెళ్ళాడు. చెట్ల కింద బెంచీ మీద కూర్చున్నారు. పూల మడులకి నీళ్ళు పెడుతున్న నేపాలీ మనిషి ఒకడు పైపు అక్కడే వదిలేసి వచ్చి బెంచీ పక్కన గడ్డిలో కూర్చున్నాడు. కాసేపటికి ఇంకో ఇద్దరు వచ్చారు. టోపీలు తీసి పక్కన పెట్టుకున్నారు.

"అక్కా, ఇల్లు ఫేల్ అయితే జాసిమ్ బాబా ఊరుకుంటాడా?" అన్నాడు ఆదెప్ప.

"ఊరుకోడు."

"మళ్ళ యాల ఈ పని పెట్టుకుంటివి?"

"నీకు పిల్లలున్నారు కదా, ఆదెప్పా."

రాయచోటిలో ఆదెప్ప చిన్నకొడుకు అతన్ని ఫోనులోనే నాన్నా అని పిలవడం నేర్చుకున్నాడు.

ఇక్కడ ఇంట్లో ఏసీలు ఆగాయి. లూర్దమ్మ చర్చికి వెళ్ళే సెలవు శుక్రవారాలు ఎవరో ఒకరు ఏసీలు వేసేవాళ్ళు, పెద్దావిడ ఓ పూట దగ్గుకుంటూ సరిపెట్టుకునేది. ఏసీ లేకుండా, లూర్దమ్మ లేకుండా ఆ ఇంట్లో ఆవిడ కూర్చోవడం ఇదే మొదలు.

గోడలు మెల్లగా వేడెక్కాయి. ముందు పడమటి గోడ, తర్వాత కప్పు. మేడమీద వేడి మెట్లు దిగి హాల్లోకి వచ్చింది. వంటింటి గోడ పక్కనున్న పిల్లులు లేచి, అటూ ఇటూ చూసి, పక్కింటి కారు కిందికి వెళ్ళిపోయాయి. ఉమ్ జాసిమ్ చేతిలో జపమాల పూసలు తడిసి జారుతున్నాయి. గంగాప్రసాద్ ఆవిడకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"మామా, బయట నీడలో కూర్చోండి. నేను ఒక్కణ్ణే చూసుకుంటా" అన్నాడు హిందీలో.

ఆవిడ కదల్లేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది. మళ్ళీ ఆనించింది.

"ఈ ఇల్లు మొదట్నించీ ఇంతేనా?" అని అడిగింది.

అతనికి వచ్చిన అరబీ కొంచెమే. "బైత్ మాఫీ జైన్, మామా" అన్నాడు మెల్లగా. ఇల్లు బాగాలేదు అని.

అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. ఇక చాలు, ఫలితం తేలిపోయింది అని గంగాప్రసాద్ సామాను సర్దబోయాడు. పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. "పూర్తిగా చెయ్యి" అంది. చివరిదాకా అదే కుర్చీలో కూర్చుంది.

*

లూర్దమ్మ వచ్చేసరికి జాసిమ్ హాల్లో నిలబడి ఉన్నాడు. ఏసీలు మళ్ళీ వేశారు, అవి పెద్దగా చప్పుడు చేస్తున్నాయి.

"ఎందుకు బయటికి వెళ్ళావు?" అన్నాడు. "నువ్వు ఇంట్లో ఉండి ఉంటే ఈపాటికి కాగితం నా చేతిలో ఉండేది. ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?"

లూర్దమ్మ నోరు తెరిచేలోపల పెద్దావిడ దగ్గు ఆపుకుని, "నేనే పంపించాను" అంది.

"ఎందుకమ్మా?"

"నా ఇంటి సంగతి నాకు తెలియాలని. నీ పెళ్ళాన్ని తీసుకొచ్చి ఆ పొయ్యిలో కాపురం పెడతావా? లేకపోతే లూర్దాని మెట్ల మధ్యలో నిలబెడతావా, సగం నీకూ సగం నాకూ?"

జాసిమ్ చెడ్డవాడు కాదు. కాసేపు గోడలవైపు చూశాడు. తర్వాత కాంట్రాక్టరుకి ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు. ఆ ఫోను చాలాసేపు సాగింది, అతని గొంతు వీధి చివరిదాకా వినపడింది.

మర్నాడు పొద్దున్న కాఫీ అందుకుంటూ ఉమ్ జాసిమ్ అడిగింది. "నీకు ఎప్పట్నించి తెలుసు?"

"వచ్చిన ఏడాదే తెలిసింది, మామా. చర్చి నుంచి వచ్చి గోడ మీద చెయ్యి వేస్తే కాలేది."

"మరి చెప్పలేదేం?"

లూర్దమ్మ తలొంచుకుని నేల తుడిచే గుడ్డ మడతపెట్టింది. "ఇంటికి నాతో పని ఉన్నంతకాలం నా ఉద్యోగం ఉంటదనుకున్నాను. అప్పుడు శ్యామల చదువుకుంటోంది."

పెద్దావిడ కప్పు తాగకుండా అలాగే పట్టుకుంది. కాఫీ చల్లారిపోయింది. "ఇప్పుడు ఎన్నో నెల?" అని అడిగింది చివరికి.

"ఎనిమిది."

"కిందటిసారి..." అని ఆగిపోయింది ఉమ్ జాసిమ్. కిందటిసారి ఆవిడే "వేసవి పోనీ" అంది. ఆ మాట ఇద్దరికీ గుర్తుంది. పెద్దావిడ కప్పు కింద పెట్టి, తన షాలు సర్దుకుని, "జాసిమ్‌ని పిలు. పనివాళ్ళు రేపే రావాలని చెప్పు" అంది.

పైకప్పు విప్పారు. గంగాప్రసాద్ చెప్పినట్టే లోపల ఏమీ లేదు, ఇసుకా సిమెంటూ తప్ప. మందపాటి షీట్లు పరిచి మళ్ళీ కప్పారు. పాత గోడలకి బయటి వైపు పలకలు బిగించారు. మధ్యాహ్నం అన్నాలప్పుడు పనివాళ్ళంతా వంటింటి కిటికీ కింద కూర్చునేవాళ్ళు. లూర్దమ్మ కిటికీ తీసి ఉంచి, గిన్నెలు తోముతున్నట్టు అక్కడే నిలబడేది. పని జరిగినన్నాళ్ళూ ఆవిడ మనసు కాలెండర్ మీదే ఉంది. శ్యామలకి ఫోన్ చేసినప్పుడు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. శ్యామల కూడా అడగలేదు. అడగడం మానేసిన పిల్లలా, ఊళ్ళో సంగతులు చెప్పి పెట్టేసేది.

మే మొదట్లో గంగాప్రసాద్ మళ్ళీ వచ్చాడు. లూర్దమ్మ మళ్ళీ పార్కుకి వెళ్ళింది. ఉమ్ జాసిమ్ మళ్ళీ అదే కుర్చీలో, ఏసీలు ఆపించి కూర్చుంది. ఈసారి గంగాప్రసాద్ సామాను పక్కన కూర్చుని రెండుసార్లు టీ తాగినా అంకెలు పెద్దగా కదల్లేదు. సాయంత్రం కాగితం మీద సంతకం పెడుతూ, "బైత్ జైన్, మామా" అన్నాడు.

లూర్దమ్మ తిరిగొచ్చేసరికి ఆ కాగితం పెద్దావిడ ఒళ్ళో ఉంది.

"ఇంటికి ఇక నువ్వు అక్కర్లేదు, లూర్దా" అంది ఆవిడ.

లూర్దమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"నాకు కావాలి. కానీ దీంట్లో అది రాయరు." పెద్దావిడ కాగితం మడిచి పక్కన పెట్టింది. "జాసిమ్ టికెట్ తీశాడు. నీ కూతురు పచ్చిబాలింతరాలుగా ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉండు. నేను ఏసీ తక్కువలో పెట్టుకుంటాను, ఇప్పుడు తక్కువైనా సరిపోతుందట. ఆ పిల్లవాడు చెప్పాడు."

లూర్దమ్మ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. నూనె సీసా తీసుకుంది.

*

లూర్దమ్మ ఊరు చేరిన కొద్ది రోజులకే, రోహిణి కార్తెలో శ్యామలకి నొప్పులొచ్చాయి. పట్నంలో ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన సాయంత్రమే గాలిదుమారం లేచి కరెంటు స్తంభాలు పడిపోయాయి. వాన మాత్రం చినుకు కూడా పడలేదు. మర్నాటికి గాలి కూడా స్తంభించిపోయింది. జనరేటరు ఆపరేషన్ గదికే చాలింది. వార్డులో ఫ్యాన్లు లేవు. అంతమంది వేడికి లూర్దమ్మ చలవ శ్యామల మంచం దాటి పారలేదు. తల్లులు అట్టముక్కలతో విసురుతున్నారు. ఆ చలవలో ఉన్నా శ్యామల కూతురి ఒళ్ళు కాలిపోతోంది, పాలు తాగడం మానేసింది, ఏడవడానికి కూడా ఓపిక లేదు.

డాక్టరమ్మ వచ్చి పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి, తర్వాత లూర్దమ్మ వైపు చూసింది. మంచం దగ్గరికి రాగానే డాక్టరమ్మ మొహం మీద చెమట ఆరిపోయింది.

"మీరు అమ్మమ్మగారా? పిల్లని మీ గుండెల మీద వేసుకోండి. గుడ్డ అడ్డం పెట్టకండి. నేను చెప్పేదాకా దించకండి" అని, నర్సుతో మిగతా పసిపిల్లల మంచాలు కొంచెం ఇటు జరపమని చెప్పి వెళ్ళింది.

లూర్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. జాకెట్టు లోపల పిల్లని పెట్టుకుని కొంగు కప్పింది. గుప్పెడంత నిప్పు గుండెల మీద పెట్టుకున్నట్టు ఉంది. శ్యామల పక్క మంచం మీంచి చెయ్యి చాపి తల్లి మోచెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్ళు అలాగే పట్టుకుని పడుకునేది.

"నువ్వొస్తావనుకోలేదే అమ్మా" అంది.

"పడుకో. వచ్చానుగా."

కరెంటు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ లూర్దమ్మ పిల్లని దించలేదు. పాలకి మాత్రం తల్లికి అందించి, మళ్ళీ తీసుకునేది. మొదట పిల్ల అరికాళ్ళు చల్లబడ్డాయి, తర్వాత వీపు, ఆఖరికి మాడు. రెండోనాటి సాయంత్రానికి పిల్ల గట్టిగా ఏడ్చింది. వార్డులో తల్లులంతా ఆ ఏడుపు విని నిమ్మళపడ్డారు. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇక భయం లేదంది.

ఫ్యాన్లు తిరగడం మొదలైన కాసేపటికి లూర్దమ్మ నుదుటి మీద ఏదో పాకినట్టయింది. పురుగేమో అని చెయ్యి వేసి చూసుకుంది. తడిగా ఉంది. వేలు నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. మెడ మీద, వీపు మీద కూడా అదే తడి.

అటుగా పోతున్న నర్సు, "ఉక్కపోస్తుందామ్మా? ఫ్యాను కింద కూర్చోండి" అంది.

"ఇదేనా ఉక్కంటే" అంది లూర్దమ్మ.

పిల్ల ఒళ్ళు అందరి పిల్లల ఒళ్ళులాగే గోరువెచ్చగా ఉంది. లూర్దమ్మ చలవ ఇక ఎక్కడా లేదు. ఖర్చయిపోయింది. పక్క మంచాల వాళ్ళు ఒకరొకరుగా తమ మంచాలు మళ్ళీ ఫ్యాన్ల కిందికి జరుపుకున్నారు. పోతూ పోతూ ఒకావిడ ఆవిడకి అట్టముక్క ఇచ్చి వెళ్ళింది. లూర్దమ్మ దాంతో మనవరాలికి విసిరింది, మధ్యమధ్యలో తనకీ విసురుకుంది. చెయ్యి నొప్పి పుట్టింది గానీ బాగానే ఉంది.

జూన్ చివర్లో ఉమ్ జాసిమ్ వీడియో కాల్ చేసింది. ఫోను ఆదెప్ప పట్టుకున్నట్టున్నాడు, తెర మీద ముందు అతని బొటనవేలు, తర్వాత పెద్దావిడ మొహం కనపడ్డాయి. పిల్లని చూసి ఆవిడ చాలాసేపు దీవించింది. తర్వాత ఫోను దగ్గరికి లాక్కుని చూసింది.

"లూర్దా, నీ మొహం ఏంటి, అలా మెరుస్తోంది?"

"చెమట, మామా."

"నీకు చెమటా?"

లూర్దమ్మ జరిగింది చెప్పింది. ఫోనులో చెప్పడం కష్టంగానే ఉంది, కానీ ముందే చెప్పడం మంచిదనుకుంది. "ఇక నా దగ్గర చలవ లేదు. నేనొచ్చినా మామూలు మనిషినే. మీరు వేరే ఎవరినైనా చూసుకుంటానంటే నేనేమీ అనుకోను."

అటువైపు పెద్దావిడ షాలు సర్దుకుంటున్న చప్పుడు వినపడింది.

"చలవ సంగతి ఇల్లు చూసుకుంటుంది" అంది ఆవిడ. "చలికాలాల్లో నీ చలవకి వణుకు పుట్టి, నిన్ను హాలు ఆ చివర కూర్చోబెట్టి ఇక్కణ్ణించి కేకలు పెట్టి మాట్లాడేదాన్ని. గొంతు నొప్పి పుట్టేది. నువ్వు కూడా కేకలు పెట్టేదానివి. ఇక నా పక్కన కూర్చోవచ్చు."

శ్యామల పక్కనుంచి ఏమంటోందమ్మా ఆవిడ అని అడిగింది. లూర్దమ్మ తర్వాత చెప్తానన్నట్టు చెయ్యి ఊపింది.

"పిల్ల మెడ నిలిపాక వస్తాను, మామా."

"నిలపనీ. తొందరేం లేదు. చలికాలానికి ఇంకా చాలా రోజులున్నాయి."

లూర్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఫోను పిల్ల వైపు తిప్పింది.